ఎవరూ నొక్కని ఫోటో

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు మా స్కూటరు నందిగామ బండలాగుడు పోటీల మైదానం ముందు ఆగింది. మూడింటికి నాలుగు పళ్ల విభాగం మొదలవుతుంది. అంటే మా ఆవిడకు మిగిలింది గంటా నలభై నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు నేను స్కూటరుకి స్టాండు వేయడంలోనే ఖర్చు చేశానని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మా ఆవిడ అంటే రాజరాజేశ్వరి. జగ్గయ్యపేటలో కంప్యూటర్ సెంటర్ నడుపుతుంది. బోర్డు మీద 'కంప్యూటర్ శిక్షణ, జిరాక్సు, లామినేషను' అని ఉంటుంది. నేరపరిశోధన అని కూడా రాయిద్దామన్నాను కానీ, చోటు చాలలేదు. నా పేరు ఉమాకాంతం. తాలూకా ఆఫీసులో టైపిస్టుగా రిటైరయ్యాను. ప్రస్తుతం ఆవిడ స్కూటరు నడపడం, ఆవిడ కేసులు కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. జీతం లేదు, కాఫీకి మాత్రం లోటు లేదు.

"మేడమ్, వచ్చేసారా!" అంటూ ఉషశ్రీ పరుగెత్తుకొచ్చింది. చెవిటికల్లు అమ్మాయి, ఇరవై నాలుగేళ్లుంటాయి. పదకొండున్నరకు ఫోన్ చేసి ఏడ్చింది ఈ పిల్లే. ఆమె వెనక, షెడ్డు నీడలో, పాలరాతి రంగు గిత్తలు రెండు ఏ బాధా లేకుండా జొన్న చొప్ప నములుతున్నాయి. ఎడమది బాలరాజట, కుడిది బుజ్జిగాడట. దూడలప్పుడు సీసాతో పాలు పట్టి పెంచిందట.

"ముందు నాకు పళ్ల సంగతి చెప్పమ్మా. మా ఇంట్లో ఉన్నవి ఈయన పళ్లే, వాటిలో సగం కట్టించినవే," అంది రాజేశ్వరి.

ఉషశ్రీ ఏడుపులోనే నవ్వేసింది. "గిత్తలకి పైన ముందు పళ్లుండవు మేడమ్. కింద ఎనిమిదుంటాయి. చిన్నప్పుడు పాలపళ్లు. వయసొచ్చే కొద్దీ అవి ఊడి రెండేసి చొప్పున పెద్ద పళ్లొస్తాయి. బండలాగుడు పోటీకి వాటిని బట్టే విభాగం. నాలుగు పెద్ద పళ్లుంటే నాలుగు పళ్ల విభాగం, ఆరుంటే ఆరు పళ్లది. ఎనిమిదీ వచ్చేస్తే సీనియర్సు, ఇక వాటికి లెక్క లేదు."

"అయితే ఇప్పుడే నోరు తెరిచి చూస్తే తేలిపోదా?" అన్నాను. చాలా తెలివైన ప్రశ్న వేశానని నా నమ్మకం.

"తేలదు బాబాయిగారూ. మేం పేరిచ్చి పన్నెండు రోజులైంది. పోయిన శుక్రవారమే బాలరాజుకి ఇంకో పాలపన్ను ఊడి కొత్తది మొన తేలింది. ఇలాంటి గొడవలొస్తాయనే రూలు పెట్టారు. రసీదు రాసిన రోజు ఎన్ని పళ్లుంటే అదే లెక్క, ఆ రోజు తీసిన ఫోటోనే సాక్ష్యం. ఆరోజు నాలుగే మేడమ్, నోరు తెరిచి పట్టుకుంది నేనే. కానీ కమిటీ వాళ్ల కంప్యూటర్లో నా పేరు పక్కన నొక్కితే ఆరు పళ్ల నోరు వస్తోంది."

"పేరు కొట్టేస్తే?"

"మూడేళ్లు నిషేధం. ఈ జిల్లాలో ఏ పోటీకీ రానివ్వరు. నాలుగు పళ్ల పోటీ గిత్త జన్మలో ఒక్క ఏడాదే మేడమ్. అది పోయినా పోనివ్వండి, మా ఊళ్లో ఆడపిల్ల గిత్తల్ని తోలడమేంటని నవ్వినవాళ్లంతా ఇప్పుడు దొంగ గిత్తల ఉషశ్రీ అంటారు."

మా ఆవిడ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "ఏడవకు. మూడింటికి నీ గిత్తలకి కాడి కట్టాలి, చేతులు వణకకూడదు," అని కమిటీ షామియానా వైపు నడిచింది. నేను ఆవిడ బ్యాగు పట్టుకుని వెనకే నడిచాను.

షామియానా కింద ఒక బల్ల, దాని మీద లాప్‌టాప్. బల్లకు అటు కమిటీ కార్యదర్శి బుల్లిబాబు, ఇటు ఫిర్యాదు చేసిన సతీష్‌బాబు. మధ్యలో, ఆ ఎండలో కూడా కోటు విప్పని హరిచరణ్. ఫిర్యాదు తేల్చమని కమిటీ పిలిపించిన ఈయనకి విజయవాడలో ఓ డిటెక్టివ్ ఏజెన్సీ ఉంది. అందులో ఏసీ కూడా ఉంది. మా ఆవిడ ఎక్కడికెళ్తే అక్కడ ఎదురవుతాడు, లేదా ఈయన ఎక్కడికెళ్తే అక్కడికి మా ఆవిడ వెళ్తుంది. ఇద్దరిలో ఎవరిని అడిగినా రెండోవాళ్లదే తప్పంటారు.

"రాజేశ్వరి గారా! ఆలస్యంగా వచ్చారు. పన్నెండింటికే కేసు తేల్చేసా," అన్నాడు హరిచరణ్.

"మీరు తేల్చారని తెలిసే వచ్చానండి."

హరిచరణ్ ఒక స్పైరల్ పుస్తకం ఆవిడ ముందు పెట్టాడు. పద్నాలుగు పేజీలు, రంగుల్లో. "ఫోరెన్సిక్ రిపోర్టు. ఒకటి, ఫోటోని ఎవరూ మార్ఫింగ్ చేయలేదు. రెండు, ఎక్సెల్ షీటుని ఎవరూ దిద్దలేదు. మూడు, పదకొండో రసీదు లింకు నొక్కితే ఆరు పళ్లు. ఇంకేం కావాలి మేడమ్?"

"మొదటి రెండూ అక్షరాలా నిజమయ్యుంటాయి. మూడోదే నాకు నచ్చలేదు," అంది మా ఆవిడ. లాప్‌టాప్ ముట్టుకోకుండా సతీష్‌బాబు వైపు తిరిగింది. "ఫిర్యాదు మీదేనా అండి?"

సతీష్‌బాబు నందిగామ చుట్టుపక్కల ఎక్కడ పోటీ జరిగినా ముందు వరసలో కూర్చునే మనిషి. భుజం మీద కండువా సర్దుకున్నాడు. "నాదేనండి. పొద్దున పదింటికి కమిటీ వాళ్లు నాలుగు పళ్ల జతలన్నీ వరసగా నొక్కి చూసుకుంటుంటే పక్కనే ఉన్నా. పదకొండోది తెరిచేసరికి ఆరు! నేను కాబట్టి అడిగా, ఇంకోడైతే ఊరుకునేవాడు."

"అన్నీ చూశారా?"

"నాది తప్ప."

"మీదెందుకు చూడలేదు?"

బుల్లిబాబు అందుకున్నాడు. "ఆయన పెద్దమనిషండి. తన నంబరు రాగానే, నేనుంటే మీకు మొహమాటంగా ఉంటుందని టీకి లేచెళ్లారు. మేం చూసి టిక్కు పెట్టాకే వచ్చారు."

"మీ రసీదు నంబరెంతండి?"

"తొమ్మిది," అన్నాడు సతీష్‌బాబు. ఆవిడ చిన్న పుస్తకంలో రాసుకుంది. ఎందుకో తెలియకపోయినా నేనూ రాసుకున్నాను.

"బుల్లిబాబు గారూ, ఇలా పళ్లు తేడా వచ్చి ఇంకెవరినైనా ఆపారా?"

బుల్లిబాబు మొహం కాస్త వాడిపోయింది. "నిన్న ఆరు పళ్ల విభాగంలో ఒకరిని ఆపామండి. రెడ్డిగూడెం బ్రహ్మయ్య గారు. నలభై ఏళ్లుగా గిత్తల్ని లాగిస్తున్నాడు, ఒక్క మాట పడలేదు. ఆయన లింకు నొక్కితే ఎనిమిది పళ్లొచ్చాయి. పెద్దాయన గొడవ పడితే బాగుండేదండి. ఏమీ అనకుండా గిత్తల్ని లారీ ఎక్కించుకుని పోయాడు."

"ఆయన రసీదు?"

"పద్దెనిమిది."

"ఆరు పళ్లలో ఆయన తర్వాత ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి. ఆ విభాగానికి ఆయనే ఆఖరు."

"నాలుగు పళ్లలో ఉషశ్రీ తర్వాత?"

బుల్లిబాబు చూపు లాప్‌టాప్ మీదికి వెళ్లింది. "ఈ పిల్లే ఆఖరండి."

మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆ నవ్వుకి అర్థం నాకు తెలుసు. కేసు సగం అయిపోయిందని, మిగతా సగం నాకు ఇప్పుడే చెప్పదని. నాకు ఒళ్లు మండింది కానీ, సంతోషం కూడా వేసింది.

"కాకతాళీయం," అన్నాడు హరిచరణ్.

"అదే అయితే మీ రిపోర్టుకి పదిహేనో పేజీ అతికించుకోండి. ఈ షీటు తయారుచేసిందెవరు?"

షామియానా గుంజ పక్క నుంచి ఒక అమ్మాయి బెదురుతూ ముందుకొచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. దేవమణి. రెండేళ్ల కిందట మా సెంటర్లోనే ఎక్సెల్ నేర్చుకుంది.

"నేనే మేడమ్. మీరు చెప్పినట్టే పెట్టా. ఎక్కడ చెడగొట్టానో తెలీడం లేదు."

"నువ్వు చెడగొట్టి ఉంటే ముందు నేను నా సెంటర్ మూసుకోవాలి. కూర్చో. పోటీ పేర్లు రాసిన రోజు ఏం జరిగిందో గంటలతో సహా చెప్పు."

దేవమణి ఊపిరి పీల్చుకుని చెప్పింది. పన్నెండు రోజుల కిందట ఇదే బల్ల. ఉదయం నాలుగు పళ్ల వాళ్లు, భోజనాలయ్యాక ఆరు పళ్ల వాళ్లు, మర్నాడు పొద్దున సీనియర్సు. బుల్లిబాబు యజమాని చెప్పిన విభాగంలోనే రసీదు రాసి టైము వేసేవాడు, పళ్లు లెక్కపెట్టడం పోటీ రోజుకే వదిలేసేవారు. యజమానులు రెండు గిత్తల నోళ్లూ తెరిచి పట్టుకుంటే దేవమణి జతకొక ఫోటో ఫోన్‌తో తీసేది. ఫోన్లోని యాప్ ఆ ఫోటోలకు ఒకటి, రెండు, మూడు అని దానంతట అదే నంబర్లు వేసేది. అందరికీ రసీదు రాశాక ఫోటోలన్నీ లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్లో పెట్టి, షీటులో ప్రతి పేరు పక్కన లింకు పెట్టింది.

"ఒక్కొక్క లింకూ చేత్తో పెట్టావా?"

"లేదు మేడమ్, హైపర్‌లింక్ ఫార్ములా. పై గడిలో రాసి కిందికి లాగేసా."

"శభాష్. ఇప్పుడు ఉషశ్రీ గడిలోకి వెళ్లు. మౌస్‌తో నొక్కకు, నొక్కితే ఫోటో తెరుచుకుంటుంది. బాణం మీటలతో వెళ్లు."

దేవమణి మీటలు నొక్కుతూ కిందికి దిగింది. నీలం రంగులో, కింద గీతతో 'పళ్లు చూడండి' అని ఉన్న గడి మీద ఆగింది. మా ఆవిడ తెర పైన ఉన్న పొడుగాటి పట్టీ మీద వేలు పెట్టింది.

"ఇటు చూడండి హరిచరణ్ గారూ. గడిలో మనకి కనబడేది 'పళ్లు చూడండి' అనే ముక్క. అది పైకి పెట్టిన పేరు. అసలు సంగతి ఈ పట్టీలో ఉంది. ఫలానా ఫోల్డర్లోకి వెళ్లు, ఇదే వరసలో ఉన్న రసీదు నంబరు తీసుకో, ఆ నంబరున్న ఫోటో తెరువు. ఉషశ్రీది పదకొండు కాబట్టి పదకొండో ఫోటో. మీరు లింకు నొక్కారు. లింకు లోపల ఏం రాసుందో చదవలేదు."

"చదివితే మాత్రం? పదకొండో రసీదుకి పదకొండో ఫోటో. సరిగ్గానే ఉందిగా!"

"సరిగ్గానే ఉంది. దేవమణీ, పెట్టాక పరీక్షించావా?"

"మొదటి ఏడూ నొక్కి చూసా మేడమ్. అన్నీ సరిగ్గా వచ్చాయి. ఈలోపు బుల్లిబాబు గారు బ్యానర్ల పని చెప్పారు."

"ఏడు," అంది మా ఆవిడ, ఏదో మిఠాయి చప్పరించినట్టు. "అన్నిటికంటే కిందిది ఎవరైనా నొక్కారా?"

"ఇరవై నాలుగు. సీనియర్సులో ఆఖరిది. నొక్కితే ఏమీ రాలేదండి," అన్నాడు బుల్లిబాబు. "సీనియర్సుకి పళ్ల లెక్క లేదు కదా, పట్టించుకోలేదు. నెట్టు స్లోగా ఉందనుకున్నాం."

"ఫోటోలు ఎక్కడున్నాయి?"

"ఈ లాప్‌టాప్‌లోనే."

"మరి నెట్టుతో పనేముందండి?"

బుల్లిబాబు సమాధానం కోసం హరిచరణ్‌ని చూశాడు. హరిచరణ్ టై సర్దుకున్నాడు. అప్పటికి టైము ఒకటీ యాభై ఐదు.

ఫోల్డరు తెరిచారు. కింద మూలన ఫోటోల లెక్క 'ఇరవై మూడు' అని ఉంది. మా ఆవిడ నాకు, పెళ్లయిన తర్వాత మొదటిసారి, ఒక శాస్త్రీయమైన పని అప్పగించింది. షీటులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమంది. రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై మూడు జతలు. ఆఖరి రసీదు నంబరు మాత్రం ఇరవై నాలుగు.

"ఇరవై ముగ్గురికి ఇరవై నాలుగో నంబరు ఎలా వచ్చిందండీ?" అన్నాను.

"అడగాల్సిన ప్రశ్న అదే," అంది మా ఆవిడ. ఆ మాట విని నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆవిడ వేలు రసీదు నంబర్ల వరస మీదుగా కిందికి జారింది. ఐదు, ఆరు, ఏడు, తొమ్మిది.

"బుల్లిబాబు గారూ, ఎనిమిది ఏదండి?"

బుల్లిబాబు నాలిక కరుచుకున్నాడు. రసీదు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఏడో నంబరు కౌంటర్‌ఫాయిల్ తర్వాత తొమ్మిదో నంబరు ఉంది. మధ్యలో కాగితం చింపిన అంచు మాత్రం మిగిలింది.

"అది శని నంబరు కదండీ. పోటీలకొచ్చే వాళ్లెవరూ తీసుకోరు. ఏటా ముందే చింపి పారేస్తాం. ఈసారి నేను మర్చిపోతే సతీష్‌బాబు గారే గుర్తుచేసారు. నా వంతుకి ఎనిమిదేంటయ్యా అని తనే చింపి పారేసి తొమ్మిది తీసుకున్నారు."

"పదిహేడులో అంకెలు కలిపినా ఎనిమిదే అవుతుందిగా. అది చింపలేదేం?" అని అడిగాను.

"అంత లెక్క ఎవరేస్తారండీ!" అన్నాడు బుల్లిబాబు, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

దేవమణి రెండు చేతులతో తల పట్టుకుంది. "అయ్యో మేడమ్! నాకు తట్టనే లేదు. మా ఇంట్లో ఈ పట్టింపు లేదు, మా నాన్న బండి నంబరులో మూడు ఎనిమిదులున్నాయి."

"నీ తప్పేం లేదే పిల్లా. మీ కమిటీకి శని పట్టింపు ఉంది. నీ ఫోన్‌కి లేదు. అది ఏడు తర్వాత ఎనిమిది అనే రాసుకుంది. అక్కణ్నుంచి ప్రతి రసీదుకీ ఫోటో ఒక నంబరు వెనకబడింది. ఉషశ్రీ రసీదు పదకొండు, ఆమె అసలు ఫోటో పది. పదకొండో ఫోటో ఆమె తర్వాత వచ్చిన వాళ్లది, అంటే ఆరు పళ్లలో మొదటి జతది. మధ్యలో వాళ్లందరికీ పక్కవాళ్ల ఫోటోలే వచ్చాయి కానీ, అవీ నాలుగు పళ్లే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. విభాగంలో ఆఖరివాళ్లే దొరికిపోయారు. బ్రహ్మయ్య గారికి సీనియర్సు నోరు వచ్చింది. ఇరవై నాలుగో ఫోటో అసలు లేదు కాబట్టి ఆఖరి లింకు తెరుచుకోలేదు."

షామియానా కింద అందరూ ఒకేసారి మాట్లాడారు. ఉషశ్రీ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"ఊహ!" అన్నాడు హరిచరణ్ గట్టిగా. "వినడానికి బాగుంది మేడమ్. ఋజువేది? ఫోటోలో నోళ్లు తప్ప మనుషుల్లేరు. పదో ఫోటో ఈ అమ్మాయి గిత్తలదే అని ఎలా చెప్తారు?"

"నేను చెప్పను, మీరే చెప్తారు. ఫోటో ఎప్పుడు తీసారో కంప్యూటర్‌ని ఎలా అడగాలో మీకంటే బాగా ఎవరికి తెలుసు? చూడండి."

పొగడ్తకి పడనివాడు డిటెక్టివుల్లో లేడు. హరిచరణ్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు, పదకొండో ఫోటో వివరాలు తెరిచాడు. చదవడం మొదలుపెట్టినప్పుడున్న గొంతు పూర్తయ్యేసరికి లేదు.

"మధ్యాహ్నం రెండూ పదహారు."

మా ఆవిడ రసీదు పుస్తకం తిప్పింది. "ఉషశ్రీ రసీదు పన్నెండూ యాభై, భోజనాల ముందు ఆఖరిది. పన్నెండో రసీదు రెండూ పదిహేను. గిత్తలు గంటన్నర సేపు నోరు తెరుచుకుని నిలబడ్డాయా అమ్మా?"

"ఒంటిగంటకల్లా ఊరి దారి పట్టేసాం మేడమ్!"

"ఇప్పుడు పదోది."

"పన్నెండూ యాభై రెండు," అన్నాడు హరిచరణ్. ఫోటో తెరిచాడు. రెండు నోళ్లు, నోటికి నాలుగేసి పెద్ద పళ్లు, పక్కన పాలపళ్లు. ఉషశ్రీ తెర మీదికి వంగింది.

"ఇదిగో, బుజ్జిగాడి నాలిక మీద నల్ల మచ్చ! వచ్చి చూసుకోండి, ఇప్పుడూ ఉంది. మచ్చ ఊడదు కదా!"

మచ్చ చూడటానికి ముగ్గురు పరుగెత్తారు, నేను కూడా. బుజ్జిగాడు నా చేతిని ఒకసారి ఆప్యాయంగా నాకాడు. మచ్చ ఉంది, అణా బిళ్లంత. నేను తిరిగి వచ్చేసరికి హరిచరణ్ అడక్కుండానే పద్దెనిమిదో ఫోటో కూడా తెరిచి చూసేశాడు. అది మర్నాడు పొద్దున తొమ్మిదీ నలభైకి తీసినది. బ్రహ్మయ్య అప్పటికి రెడ్డిగూడెంలో ఉన్నాడు. ఆయన అసలు ఫోటో పదిహేడోది. అందులో ఆరే పళ్లు.

"రాజేశ్వరి గారూ, నా రిపోర్టు ఇలా ఇస్తారా?" అని హరిచరణ్ ఆ పద్నాలుగు పేజీలూ మడిచి కోటు జేబులో కుక్కుకున్నాడు. "ఒప్పుకుంటున్నా. ఈసారికి." ఆ 'ఈసారికి' అనడంలోనే ఆయన మంచివాడని నాకనిపించింది.

బుల్లిబాబు అప్పటికే బ్రహ్మయ్యకి ఫోన్ కలిపాడు. స్పీకరులో పెద్దాయన గొంతు షామియానా అంతా వినబడింది. "నా మీద నాకే అనుమానమొచ్చింది రా అబ్బాయ్! పొద్దుట్నుంచి పదిసార్లు నోరు తెరిచి లెక్కపెట్టా. అవి విసుక్కుని నన్ను తన్నబోయినై. రేపు మళ్లీ పోటీ పెడతావా? ఇప్పుడే లారీ మాట్లాడుతున్నా!" అందరూ చప్పట్లు కొట్టారు. దేవమణి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఉషశ్రీ మా ఆవిడని పట్టుకుని అక్కడే గిర్రున తిప్పేసింది. యాభై ఆరేళ్ల మనిషిని అలా తిప్పకూడదని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు, చూడ్డానికి బాగుంది.

టైము రెండూ ఇరవై ఐదు. అంతా అయిపోయిందనుకున్నాను. మా ఆవిడ మాత్రం మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"దేవమణీ, షీటు సరిచెయ్యి. ఫోటో నంబర్లకి విడిగా ఒక వరస పెట్టు, ఫార్ములా రసీదు నంబరు బదులు దాన్ని చూడాలి. కిందికి లాగు. ఈసారి అన్నీ నొక్కి చూడు."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ, టైమైపోతోంది," అన్నాడు సతీష్‌బాబు. కుర్చీలోంచి లేచాడు. "ఆ పిల్లది తేలిపోయింది కదా. సంతోషం. నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా. గిత్తలకి కాడి కట్టించాలి నేను."

"ఒక్క రెండు నిమిషాలండి. ఇందాక ఒక లింకుకి ఫోటో లేదని తేలింది. ఇరవై మూడు ఫోటోలు, ఇరవై మూడు లింకులు. ఒక లింకుకి ఫోటో లేకపోతే, ఒక ఫోటోకి లింకు లేకుండా ఉండాలి కదా. రసీదుల్లో ఎనిమిది లేదు కాబట్టి ఎనిమిదో ఫోటోని ఏ లింకూ తెరవలేదు. ఈ పన్నెండు రోజుల్లో దాన్ని ఎవరూ చూడలేదు."

దేవమణి లింకులు కిందికి లాగేసింది. ఏడో రసీదు తర్వాతి గడి మీద ఆగి, పేరు చూసి, తలెత్తలేదు. తొమ్మిదో రసీదు.

"హరిచరణ్ గారూ, మీరు నొక్కండి," అంది మా ఆవిడ.

హరిచరణ్ నొక్కాడు. పదకొండూ ముప్పై ఐదుకి తీసిన ఫోటో తెర నిండా పరుచుకుంది. ఆయన వేలితో ఒక్కొక్క పన్నునీ చూపిస్తూ, చాలా జాగ్రత్తగా, కోర్టులో సాక్ష్యం చెప్తున్నట్టు లెక్కపెట్టాడు. ఎడమ గిత్తకి ఆరు. కుడి గిత్తకి ఆరు.

అందరి తలలూ సతీష్‌బాబు వైపు తిరిగాయి. ఆయన కోపగించుకుంటాడని, ఫోటో నాది కాదంటాడని అనుకున్నాను. ఆయన మొహంలో కనబడింది పచ్చి ఆశ్చర్యం.

"అంటే... పొద్దున మీరు నాది చూడలేదా?" అన్నాడు బుల్లిబాబుతో.

"మాకు నాలుగు పళ్లే కనబడ్డాయి కదండీ! అందుకే టిక్కు పెట్టాం."

"ఓరి నీ... నేను టీ తాగొచ్చేసరికి టిక్కుంది. చూసే వదిలేసారనుకున్నా రా! కొనేటప్పుడు నాలుగే అన్నారు, ఇంటికొచ్చాక చూస్తే ఆరు. పోనీలే, కమిటీ వాళ్లు చూస్తారు, మనవాడే కదా అని ఊరుకుంటారు అనుకున్నా. ఊరుకున్నారనే అనుకున్నా!"

ముందు బుల్లిబాబు నవ్వాడు. తర్వాత హరిచరణ్, ఆ తర్వాత అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. సతీష్‌బాబు కూడా వెర్రినవ్వు నవ్వాడు. నవ్వనిది ఉషశ్రీ ఒక్కతే.

"సతీష్‌బాబు అన్నా," అంది నెమ్మదిగా. "నిన్ను మనవాడే కదా అని ఊరుకుంటారనుకున్నావు, సరే. నా ఫోటోలో ఆరు కనబడ్డప్పుడు, మన పిల్లే కదా, ఒకసారి పిలిచి అడుగుదామని ఎందుకనిపించలేదు నీకు?"

నవ్వులు ఆగిపోయాయి. సతీష్‌బాబు కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ ప్రశ్న ఏ డిటెక్టివూ వేయలేదని నాకు అప్పుడు తట్టి సిగ్గేసింది.

బుల్లిబాబు కలం తీశాడు. "రూలు రూలే. తప్పుడు విభాగం, మూడేళ్లు నిషేధం..."

"రాయకండి బాబాయ్," అంది ఉషశ్రీ. "ఆయన గిత్తలేం చేసాయి? రేపు ఆరు పళ్లలో బ్రహ్మయ్య తాత జతతో లాగమనండి. గెలిస్తే గెలుస్తారు." బుల్లిబాబు కలం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

రెండూ యాభై రెండు. మైదానంలో జనం ఈలలు వేస్తున్నారు, మొదటి జత పేరు పిలవమని కేకలు పెడుతున్నారు. పదకొండో నంబరుని పోటీ నుంచి తీసేశామని పొద్దున మైకులో చెప్పేశారు కనుక, ఆ మాట తప్పని ఇప్పుడు ఎవరో ఒకరు చెప్పాలి. బుల్లిబాబు మైకు కోసం చెయ్యి చాపాడు. అంతకంటే ముందు సతీష్‌బాబు లాక్కున్నాడు.

"హలో... హలో... నేను సతీష్‌బాబుని మాట్లాడుతున్నా. పొద్దున పదకొండో నంబరు గురించి నేను చెప్పింది తప్పండి. పూర్తిగా తప్పు. నా జత ఈ పోటీలో లేదు. మొదట పదకొండో నంబరు వస్తోంది... చెవిటికల్లు నుంచి, మన పిల్ల ఉషశ్రీ!"